నెల తప్పక ముందు, పురిటి మంచం దిగాక

తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ దాదాపు ప్రతి కాన్పూ ఆసుపత్రిలోనే జరుగుతోంది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా చేరాయి. లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు ప్రాణం కోల్పోతున్నారో చెప్పే మాతృ మరణాల నిష్పత్తి 2018-20లో దేశం మొత్తానికి 97 ఉండగా, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45గా నమోదైంది. మంత్రసాని చేతిలో, మసక దీపం వెలుగులో ప్రాణాలు పోయిన తరాలను తలచుకుంటే ఇది సామాన్యమైన మార్పు కాదు. అయితే ఈ విజయమంతా ప్రసవమనే ఆ ఒక్క రోజు చుట్టూ అల్లుకున్న ఏర్పాట్ల వల్ల వచ్చినది కావడంతో, బిడ్డ కావాలనుకున్న నాటి నుంచి నెల తప్పేదాకా ఉండే కాలానికీ, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాటి నుంచి మొదలయ్యే కాలానికీ అందే సాయం పలుచగానే మిగిలిపోయింది. ఈ రెండు కొసల్లోనూ సాయం బొత్తిగా లేదని కాదు. ఉన్నదేమిటో, దాన్ని ఎవరిని అడగాలో చాలా కుటుంబాలకు తెలియదు.

మొదటి కొస విషయంలో వైద్యశాస్త్రం చెప్పే మాట సూటిగా ఉంది. గర్భంలో శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడేందుకు మూలమైన నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అంటే చాలామంది స్త్రీలు నెల తప్పిందని రూఢి చేసుకుని ఆసుపత్రికి వెళ్లే సమయానికే ఆ పని ముగిసిపోయి ఉంటుంది. ఆ నాళం సరిగా మూసుకోకపోతే పుట్టే బిడ్డకు వెన్నెముక చీలి ఉండడం వంటి తీవ్రమైన లోపాలు రావచ్చు. బి విటమిన్లలో ఒకటైన ఫోలిక్ యాసిడ్‌ను రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం ఒక నెల నుంచి, వీలైతే మూడు నెలల నుంచి వేసుకుంటే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది. గతంలో ఇటువంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లికి వైద్యులు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు సూచిస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరికే ఈ చిన్న మాత్ర మన దగ్గర ఎక్కువమందికి అవసరమైన రోజులు దాటిపోయాకే చేతికి వస్తోంది.

మధుమేహం, థైరాయిడ్ లోపం, రక్తపోటు, మూర్ఛ వంటివి ఉన్న స్త్రీలు గర్భం దాల్చక ముందే వైద్యుని కలవడం మరీ అవసరం, ఎందుకంటే మూర్ఛకు వాడే కొన్ని మందులు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి గనుక వాటిని ముందుగానే మార్చవలసి ఉంటుంది. అలాగని ఎవరికి వారు మందు మానేయడం అంతకంటే ప్రమాదం. రుబెల్లా టీకా వేసుకోనివారు గర్భానికి ముందే వేసుకోవాలి, గర్భిణికి ఆ టీకా ఇవ్వరు. మేనరికం, మేనమామ వరస పెళ్లిళ్లు ఇప్పటికీ సాగుతున్న తెలుగు సమాజంలో జన్యు సలహాకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది: తాతముత్తాతలు ఒకరే అయినప్పుడు ఒకే దోషపూరిత జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ దాగి ఉండే అవకాశం పెరుగుతుంది, ఇద్దరి నుంచీ అది బిడ్డకు చేరితే తలసేమియా వంటి వ్యాధిగా బయటపడుతుంది. భార్యాభర్తల రక్తపరీక్షతోనే తలసేమియా, సికిల్ సెల్ వాహకత్వం తెలుస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద సికిల్ సెల్ పరీక్షను ఉచితంగా చేస్తున్నారు.

సంతానం ఆలస్యమైన దంపతుల సంగతి ఇంతకంటే బాధాకరమైనది. ఏ గర్భనిరోధక సాధనమూ లేకుండా ఏడాది కాపురం చేసినా గర్భం నిలవకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమిగా నిర్వచించింది. స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెట్టడం మంచిదని వైద్యులు చెబుతారు. లోపం భార్యలో ఎంత ఉండవచ్చో భర్తలోనూ దాదాపు అంతే ఉండవచ్చు, పైగా భర్తకు చేసే వీర్యపరీక్ష తేలికైనది, చవకైనది, నొప్పిలేనిది. అయినా కోడలిని గుళ్ల చుట్టూ, మందుల చుట్టూ ఏళ్ల తరబడి తిప్పి, కొడుకు పరీక్ష మాట ఎత్తని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇద్దరినీ ఒకేసారి పరీక్షించడం వైద్యరీత్యా సరైనది, న్యాయరీత్యా కూడా సరైనదే. ఐవీఎఫ్, అంటే అండాన్ని శరీరం వెలుపల ఫలదీకరింపజేసి పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టే పద్ధతి, చాలాకాలం ప్రైవేటు కేంద్రాలకే పరిమితమై పొలం అమ్మితే గాని అందని వైద్యంగా ఉండేది. హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం మొదలవడం ఈ విషయంలో చెప్పుకోదగిన మలుపు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం ఇటువంటి ప్రతి కేంద్రమూ రిజిస్టరై ఉండాలి, దంపతుల రాతపూర్వక సమ్మతి లేకుండా ఏ ప్రక్రియా చేపట్టరాదు, స్త్రీ వయసు 21కి తగ్గకుండా 50 దాటకుండా, పురుషుని వయసు 21కి తగ్గకుండా 55 దాటకుండా ఉండాలి. కేంద్రంలో అడుగుపెట్టగానే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపమని అడిగే హక్కు దంపతులకు ఉంది, ఆ హక్కును మొహమాటం లేకుండా వాడుకోవాలి.

నెల తప్పిన తరువాత దారి స్పష్టంగానే ఉంటుంది. ఊళ్లోని ఆశా కార్యకర్తకు గాని, ఉపకేంద్రంలోని ఏఎన్‌ఎంకు గాని కబురు చెబితే మూడు నెలలు నిండకముందే పేరు నమోదు చేసి ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు, తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. ఈ కార్డులో తల్లి బరువు, రక్తపోటు, హీమోగ్లోబిన్ మొదలుకొని బిడ్డ టీకాల దాకా అన్నీ ఒకేచోట రాస్తారు గనుక, ఏ ఆసుపత్రికి వెళ్లినా అక్కడి వైద్యులకు ఆమె చరిత్ర ఆ కార్డు ద్వారానే తెలుస్తుంది. కార్డు విలువ మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉన్న మన సమాజంలో మరీ ఎక్కువ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి కూతుర్ని తీసుకువెళ్లగానే అత్తింటి ఊరి ఆశా కార్యకర్త దృష్టిలో ఆమె ఊరు విడిచిన మనిషి, పుట్టింటి ఊరి ఆశా కార్యకర్త జాబితాలో ఆమె పేరే ఉండదు. రక్తపోటు పెరగడానికి ఎక్కువ అవకాశమున్న చివరి నెలల్లోనే ఆమె ఇద్దరి లెక్కలోనూ లేకుండా పోతుంది. ప్రయాణానికి ముందు ఇక్కడి ఏఎన్‌ఎంకు చెప్పి, చేరిన వారంలోపు కార్డుతో అక్కడి ఉపకేంద్రానికి వెళితే ఈ ఖాళీ పూడిపోతుంది, ఎందుకంటే గుర్తింపు సంఖ్య ఏ ఊళ్లోనైనా చెల్లుతుంది.

ప్రభుత్వ లెక్కన గర్భిణికి కనీసం నాలుగు పరీక్షలు జరగాలి; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎనిమిదిసార్లు చూడాలని సూచిస్తోంది. ప్రతినెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యులు గర్భిణులను ఉచితంగా పరీక్షిస్తారు, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని విడిగా గుర్తించి వారిని వెన్నంటి చూసుకునే ఏర్పాటూ ఉంది. ఇక్కడ రక్తహీనత గురించి కొంత ఆగి చెప్పవలసి ఉంది. హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు లెక్క. ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా ఈ స్థితిలోనే ఉన్నారు. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఐరన్ మాత్ర చొప్పున గర్భకాలంలో 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఉచితంగా ఇస్తారు. మాత్రలు ఇంటికి చేరినా కడుపులోకి చేరకపోవడమే అసలు చిక్కు: వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం చూసి భయపడి, బిడ్డ నల్లగా పుడుతుందన్న వట్టి అపోహతోనూ చాలామంది వాటిని అటకెక్కిస్తారు. రాత్రి భోజనం తరువాత వేసుకుంటే వికారం తగ్గుతుంది, నిమ్మరసంతో తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, కాఫీ టీలతో గాని, రోజుకు రెండుసార్లు వేసుకోవలసిన కాల్షియం మాత్రతో గాని కలిపి తీసుకుంటే ఒంటబట్టదు. మాత్రలతో పెరగనప్పుడు ఐరన్‌ను సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కించే చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంది. హీమోగ్లోబిన్ 7 గ్రాముల లోపుకు పడిపోతే అది ఆసుపత్రిలో చేరి చూపించుకోవలసిన స్థితి.

ఆహారం విషయంలో రెండు రాష్ట్రాలూ ఒక మంచి పద్ధతిని నెలకొల్పాయి. సరుకులు ఇంటికిస్తే పదిమందికీ పంచుకోవలసి వస్తుంది గనుక గర్భిణిని, బాలింతను అంగన్‌వాడీకి పిలిచి అక్కడే వేడి అన్నం పెట్టడం అమృతహస్తం పేరిట ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అన్నం, పప్పు, కూరతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తూ వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యక్రమం ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ పద్ధతీ మార్చుకుంటూ వచ్చింది. ప్రస్తుతం ఏది ఇస్తున్నారో అంగన్‌వాడీ టీచరును అడగడమే మేలు. పొలం పనికి, కూలికి వెళ్లే గర్భిణి మధ్యాహ్నం అంగన్‌వాడీకి రాలేదన్న సంగతిని మాత్రం ఈ పద్ధతి ఇప్పటికీ పూర్తిగా పరిష్కరించుకోలేదు.

నగదు సాయంలో పెద్దది ప్రధానమంత్రి మాతృ వందన యోజన. అర్హత ఉన్న స్త్రీకి మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, పేరు నమోదై కనీసం ఒక పరీక్ష జరిగాక 3,000, జననం నమోదై బిడ్డ తొలి విడత టీకాలు పూర్తయ్యాక 2,000గా ఇస్తారు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000 ఇస్తారు. ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా ఆమె పేరిటే ఉండాలి, భర్త ఖాతా చెల్లదు. జననీ సురక్షా యోజన కింద పేద స్త్రీలకు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే గ్రామాల్లో 700, పట్టణాల్లో 600 రూపాయలు అందుతాయి. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్ పథకం కింద మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 విడతలవారీగా ప్రకటించి ప్రభుత్వ ఆసుపత్రుల వైపు జనాన్ని మళ్లించింది. ఇటువంటి రాష్ట్ర పథకాల చెల్లింపులు ప్రస్తుతం ఏ స్థితిలో ఉన్నాయో స్థానిక ఆరోగ్య కేంద్రంలో తెలుసుకోవాలి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయాన్ని హక్కుగా చెప్పింది. ఆ మొత్తాన్ని మొదటి బిడ్డకు, రెండో కాన్పులో ఆడపిల్లకు, షరతులకు, విడతలకు పరిమితం చేయడం చట్టం ఇచ్చిన మాటను కుదించడమే.

డబ్బు కంటే విలువైన హక్కు 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం. దీని ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు గాని సిజేరియన్ గాని పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, అవసరమైన రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు తల్లికి భోజనం, ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి, తిరిగి ఇంటికి వాహనం అన్నీ ఇందులోకి వస్తాయి. జబ్బుపడ్డ శిశువుకు ఏడాది వయసు వచ్చేదాకా ఈ సౌకర్యం వర్తిస్తుంది. అత్యవసరానికి 108, పరీక్షలకు వెళ్లిరావడానికి, బాలింతను ఇంటికి చేర్చడానికి 102 నంబరు వాహనాలు ఉన్నాయి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పితో పాటు చూపు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, శిశువు కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. రోడ్డు లేని కొండ ఊళ్లలో ఇప్పటికీ గర్భిణిని డోలీలో మోసుకురావలసి వస్తోంది. ఇందుకు విరుగుడుగా సాలూరు వంటి చోట్ల గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహాలు ఏర్పాటయ్యాయి. నెలలు దగ్గరపడిన స్త్రీ నొప్పులు రాకముందే అక్కడికి చేరి, తిండి, పరీక్షలు అక్కడే అందుకుంటూ కాన్పు నాటికి ఆసుపత్రి పక్కనే ఉంటుంది. ఇంటిని, పెద్దపిల్లలను వదిలి వారాల తరబడి ఉండడం తేలిక కాదు గనుక తోడుగా వచ్చిన బంధువునూ, చిన్నపిల్లలనూ చేర్చుకునే గృహాలకే గిరిజన స్త్రీలు ఇష్టపడి వెళతారు.

ఆసుపత్రి కాన్పులు పెరగడంతో మరొక సమస్య తలెత్తింది. ఐదవ సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తల్లికో బిడ్డకో ప్రాణాపాయం ఉన్నప్పుడు ఈ ఆపరేషన్‌కు సాటి మరొకటి లేదు. కాని ముహూర్తం కోసం, నొప్పుల భయం వల్ల, వేచి చూసే ఓపిక ఆసుపత్రికి లేకపోవడం వల్ల చేసే ఆపరేషన్ తల్లిని అనవసరంగా గాయపరచి, తరువాతి కాన్పును కష్టతరం చేస్తుంది. దీనికి జవాబుగా తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో 2017లో కరీంనగర్‌లో నర్సులకు వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ ఆరంభించింది, మరుసటి ఏడాదే కేంద్రం దేశానికంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. మిడ్‌వైఫ్ అంటే సాధారణ కాన్పును మొదటి నుంచి చివరి వరకు తానే నడిపించగల, ప్రమాదాన్ని వెంటనే పసిగట్టి వైద్యునికి అప్పగించగల శిక్షితురాలు. నొప్పుల సమయంలో పక్కన అయినవాళ్లు ఒకరు ఉండేందుకు అనుమతించాలని కేంద్రం 2016లోనే సూచించింది. తల్లినో అక్కనో పక్కన ఉండనిమ్మని అడగడాన్ని సిబ్బంది తప్పుపట్టరాదు.

ఇంటికి వచ్చిన తరువాత మొదలయ్యే రెండో కొసలో సాయం తగ్గినట్టు కనిపించినా రాతలో చాలా ఉంది. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో తప్పక రావాలి. బిడ్డ బరువు, ఒంటి వెచ్చదనం, బొడ్డు, పాలు తాగే తీరు చూడాలి, తల్లికి రక్తస్రావం, జ్వరం ఉన్నాయేమో అడగాలి. ఆ తరువాత 3, 6, 9, 12, 15 నెలల్లోనూ రావాలి. బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలల దాకా నీళ్లు, తేనె, పోతపాలు ఏవీ వద్దని అందరూ చెబుతారు. అయినా తెలంగాణలో గంటలోపు పాలందిన శిశువులు ఐదవ సర్వేలో 37 శాతమే. సిజేరియన్ తరువాత బిడ్డను తల్లి దగ్గరికి ఆలస్యంగా చేర్చడం దీనికి ఒక పెద్ద కారణం. నెలలు నిండకుండా పుట్టి, తల్లి పాలు చాలని శిశువుల కోసం హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి తల్లిపాల నిధి పనిచేస్తోంది.

పథ్యం సంగతిలో పెద్దల ప్రేమకు లోటు లేకపోయినా కొన్ని అలవాట్లు బాలింతకు హాని చేస్తున్నాయి. వెచ్చని పడక, నూనె మర్దనా, వెల్లుల్లి కారం, విశ్రాంతి మంచివే. దాహమైనా నీళ్లు కొలిచి ఇవ్వడం, పప్పు, పండ్లు, ఆకుకూరలు వారాల తరబడి మాన్పించడం మాత్రం పాలిచ్చే తల్లిని నీరసింపజేస్తాయి, మలబద్ధకంతో కుట్లు నొప్పెడతాయి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ నీళ్లు, ఎక్కువ తిండి కావాలి.

అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది బాలింత మనసు గురించి. కాన్పయిన మూడు నాలుగు రోజులకు కారణం లేని ఏడుపు, చిరాకు, దిగులు చాలామందికి వస్తాయి, రెండు వారాల్లోపు వాటంతట అవే పోతాయి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, తాను పనికిరాని తల్లినన్న తలపు వదలకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు, చికిత్సతో నయమయ్యే జబ్బు. దేశంలో జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సుమారు 22 శాతం తల్లుల్లో ఇది కనిపించింది. పిల్లాణ్ణి ఎత్తుకుని ఏడుస్తావేమని కసరడం, ఆడపిల్ల పుట్టిందని ముఖం చాటేయడం దీన్ని ముదరబెడతాయి. పాలిస్తూనే వాడుకోదగిన మందులు ఉన్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. టెలీ మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన, లేనివి కనిపించడం, వినిపించడం ఉంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గర్భస్రావమైనవారికి, కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్నవారికి ఆశా సందర్శనలు ఉండవు, బంధువులు ఆ మాట ఎత్తకుండా దాటేస్తారు, కాబట్టి వారికి ఈ నంబరు అవసరం ఇంకా ఎక్కువ.

ఉద్యోగం చేసే స్త్రీకి 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, 2017 సవరణతో, మొదటి రెండు కాన్పులకు జీతంతో కూడిన 26 వారాల సెలవు ఇచ్చింది. ఇందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. గర్భస్రావమైతే ఆరు వారాలు, మూడు నెలల లోపు బిడ్డను దత్తత తీసుకుంటే 12 వారాలు సెలవు ఉంటుంది. సెలవులో ఉన్న స్త్రీని తొలగించడం నేరం. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నియమాలే చేరాయి. తండ్రికి మాత్రం కేంద్ర ప్రభుత్వోద్యోగంలో 15 రోజుల సెలవు ఉన్నా ప్రైవేటు రంగంలో ఏ చట్టమూ సెలవు ఇవ్వలేదు. కూలికి, ఇంటిపనికి వెళ్లే తల్లికి ఈ చట్టం ఒడిలో చోటే లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యత్వం ఉన్న స్త్రీకి ప్రసూతి సాయం దొరుకుతుంది, ఆ సభ్యత్వాన్ని కాన్పుకు ముందే తీసుకుని ఏటేటా పునరుద్ధరించుకోవాలి. కొన్ని అంగన్‌వాడీలను పసిపిల్లల సంరక్షణ కేంద్రాలుగా మార్చే పాల్నా పథకాన్ని కేంద్రం నడుపుతోంది. అది వరినాట్లు, పత్తి ఏరే పని జోరుగా సాగే ఊళ్లకు ముందుగా చేరితే, ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టాలన్న సలహాను రోజుకూలీ తల్లి కూడా పాటించగలుగుతుంది.